లాటిన్ డాన్సు పాటల్లో సమం దొరకట్లేదు, ఎవరితో మొదలుపెట్టాలి?

మండపేట ప్యాడ్:

అందరికీ నమస్కారమండి. మాది మండపేట. ఆర్కెస్ట్రాలో రిథమ్ ప్యాడ్ వాయిస్తాను. మనిషి తక్కువైతే చేత్తో వాయించే తుంబా, బోంగో కూడా పట్టుకుంటాను. తీర్థాల్లో, రిసెప్షన్లలో సినిమా పాటలే మా పని. ఈమధ్య హైదరాబాద్‌లో ఒక ఫంక్షన్‌కి వెళ్తే అక్కడ సల్సా నేర్పే జంట ఒకరు తమ ఫోన్లో పాటలు పెట్టుకుని ఆడారు. అప్పట్నుంచి చెవికి ఇంకోటి ఎక్కట్లేదు. టీటో పుయెంటే అని వెతికి, దొరికినవన్నీ వింటున్నాను.

రెండు సంగతులు అడగాలండి. ఒకటి, సమం, అంటే తాళంలో మొదటి దెబ్బ, దొరకట్లేదు. మన పాటల్లో బేస్ సమం మీద పడి పాటని నిలబెడుతుంది కదా. వీటిలో ఎప్పుడు చూసినా బేస్ ముందే వచ్చేసినట్టుంటుంది. వెంట వాయిద్దామని ప్యాడ్ ముందు కూర్చుంటే, నాలుగు బార్లు, అంటే నాలుగు తాళం చుట్లు, తిరిగేసరికి నా ఒకటి పక్కకి జరిగిపోతోంది. చప్పట్లు వేసినా అంతే.

రెండోది, ఎవరితో మొదలుపెట్టాలి? ఒకరు మాంబో అంటారు, ఒకరు సోన్ అంటారు, ఒకరు చా చా చా అంటారు. పేర్లు చూస్తే వందలున్నాయి. పాతవాళ్ల దగ్గర్నుంచి పద్ధతిగా వినాలని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

కాకినాడ పోర్టు రోడ్డు:

బ్యూనా విస్టా సోషల్ క్లబ్ ఆల్బమ్‌తో మొదలుపెట్టండి, ఇంకేమీ ఆలోచించకండి. 1996లో క్యూబా రాజధాని హవానాలో కొద్దిరోజుల్లో రికార్డు చేశారు, మరుసటి సంవత్సరం విడుదలైంది. కొంపాయ్ సెగుందో, ఇబ్రహీం ఫెరేర్, ఒమారా పోర్తువోందో, పియానో మీద రుబేన్ గొన్సాలెస్. చాలామంది అప్పటికే పెద్ద వయసువాళ్లు. ఇబ్రహీం ఫెరేర్‌ని పాడడానికి పిలిచేనాటికి ఆయన బూట్లు పాలిష్ చేసుకుంటూ బతుకుతున్నాడు. రుబేన్‌కి ఇంట్లో పియానో కూడా లేదు. ఆ గొంతుల్లో, ఆ వేళ్లలో ఉన్న నిదానం వింటే ప్రాణం లేచొస్తుంది. ముందు ఇష్టం కుదరాలండి. లెక్కలు తర్వాత వాటంతట అవే వస్తాయి.

రాజోలు ట్రంపెట్:

తమ్ముడూ, నీ రెండో ప్రశ్నకి జవాబు మొదటి ప్రశ్నలోనే ఉంది. బేస్ ముందే వచ్చేస్తోంది అన్నావు చూడు, అలా నిలువెత్తు బేస్ వాయించినాయనతోనే మొదలుపెట్టు. పేరు ఇస్రాయెల్ లోపెస్. అందరూ కచావో అని పిలుస్తారు.

నేను బ్యాండు మేళంలో ట్రంపెట్ వాయిస్తాను. మా నాన్నగారిది క్లారినెట్. ఇటు అంతర్వేది దాకా, అటు పంటు దాటి నరసాపురం, పాలకొల్లు వైపు పెళ్లిళ్లకి వెళ్తుంటాం. ఓడలో పనిచేసే మా పెద్దమ్మగారబ్బాయి తెచ్చిన క్యాసెట్ల వల్ల ఈ సంగీతం నా చెవిన పడింది. వాటిమీద పేర్లు కూడా సరిగ్గా ఉండేవి కావు. మొదట్లో ట్రంపెట్ల కోసమే విన్నాను. ఇప్పుడు ఎవరి రికార్డు పెట్టినా నా చెవి ముందు బేస్ దగ్గరికే పోతుంది.

ముందు నీ సమం సంగతి తేలుద్దాం. రెండు బార్లు కలిపి పదహారు చిన్న మాత్రలు అనుకో. 1, 4, 7, 11, 13. ఈ ఐదు చోట్ల రెండు చెక్కలు కొట్టుకుంటాయి. దాన్నే క్లావే అంటారు. ముందు బార్‌లో మూడు దెబ్బలు, వెనక బార్‌లో రెండు. కొన్ని పాటల్లో రెండే ముందొస్తాయి. అప్పుడు 3, 5, 9, 12, 15 అవుతుంది. పాట ఎత్తుకున్నాక ఆ క్రమం ఇక తిరగబడదు. చెక్కలు వాయించేవాడు లేకపోయినా పియానో, ట్రంపెట్లు, పాడేవాడు, అందరూ దాన్ని లోపల పెట్టుకునే వాయిస్తారు. దానికి అడ్డంగా ఒక్క వరస వాయించినా తోటివాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు.

ఇప్పుడు బేస్. దాని దెబ్బలు 4, 7, 12, 15, అంటే ప్రతి బార్‌లోనూ నాలుగు, ఏడు. ఒకటి మీద లేదు, తొమ్మిది మీదా లేదు. ఏడు మీద పడిన స్వరం సమం దాటి సాగిపోతుంది. పైగా అది వచ్చే బార్‌లో మారబోయే కార్డు (కలిసి పలికే స్వరాల గుంపు) తాలూకు స్వరం. ఇంకా రాని కార్డుని ముందే చెప్పేస్తుంది. సమం మీద ఆడేవాళ్ల అడుగు పడుతుంది కాబట్టి బేస్ ఆ చోటు వాళ్లకి వదిలేస్తుంది. నువ్వేమో బేస్ దెబ్బని ఒకటి అనుకుని ఎక్కుతున్నావు, అందుకే జరిగిపోతోంది.

తుంబా వాయిస్తానన్నావు కాబట్టి ఇది పట్టుకో. ఒక్కో బార్‌కి ఎనిమిది మాత్రలు. మూడో మాత్ర మీద చురుగ్గా ఒక చరుపు. ఏడు, ఎనిమిది మీద చెయ్యి వెంటనే తీసేసి రెండు తెరిచిన దెబ్బలు. మిగతావన్నీ అరచేతి మడమతో, వేళ్లతో చప్పుడు తెలియకుండా నింపేవే. ఏడు దగ్గర బేసూ తుంబా కలుస్తాయి. కలిసినచోటు వినపడగానే, తుంబా ఇంకోటి కొడుతుంది, ఆ తర్వాతది నీ ఒకటి. నాలుగు పాటలకి అలా విను. వదలదు.

ఇక ఏం వినాలో చెప్తాను. సాంటానా గిటార్ మీద వాయించిన ఓయె కోమో వా నీకు ఎలాగూ తెలిసే ఉంటుంది, 1970లోది. అది పెట్టు. తర్వాత దాని అసలుది పెట్టు, టీటో పుయెంటే 1962లో చేసింది. దాని తర్వాత కచావో వాయించిన చాంచుయో పెట్టు, 1957 నాటిది. పుయెంటే పాట ఎత్తుగడలో తిరుగుతూ వచ్చే ఆ వరస ఎక్కడిదో అప్పుడు తెలుస్తుంది. లోకమంతా గిటార్ పాటగా ఎరిగినదానికి అడుగున ఉన్నది ఒక బేస్ వాయించేవాడి చెయ్యి.

ఆయన 1918లో హవానాలో పుట్టాడు, క్యూబా స్వాతంత్ర్య నాయకుడు, కవి హోసే మార్తీ పుట్టిన ఇంట్లోనే. ఇంటిల్లిపాదీ వాయిద్యగాళ్లే, అందులోనూ బేస్ వాళ్లు ఎక్కువ. చిన్నపిల్లాడిగా ఉండగానే మూకీ సినిమాలకి వాయించాడు. ఇంకా పసివయసులోనే హవానా ఫిల్‌హార్మోనిక్ అనే పాశ్చాత్య శాస్త్రీయ సంగీత బృందంలో చేరి దశాబ్దాలపాటు అక్కడే ఉన్నాడు. ఒకవైపు అది, మరోవైపు రాత్రి డాన్సులకి అర్కాన్యో బృందం. అందులో అన్న ఓరెస్తెస్‌తో కలిసి లెక్కలేనన్ని దన్సోన్లు కట్టాడు. దన్సోన్ అంటే కాస్త పెద్దమనిషి తరహా డాన్సు, ఫ్లూటు, వయొలిన్లు ఉంటాయి. 1938లో ఓరెస్తెస్ ఒక దన్సోన్‌కి మాంబో అని పేరు పెట్టాడు. వాళ్లు చేసిందేమిటంటే, చివరి భాగాన్ని విప్పేసి, ఒకే వరసని తిప్పుతూ, ఆడేవాళ్లు చెమట పట్టేదాకా సాగనిచ్చారు. తర్వాత పెరెస్ ప్రాదో మెక్సికోలో ఆ పేరుకి ట్రంపెట్లు, శాక్సోఫోన్లు దట్టించి ప్రపంచమంతా తిప్పాడు. ప్రాదో ట్రంపెట్లు పైస్థాయిలో పలికే తీరు నాకూ ఇష్టమే, కానీ నువ్వు అక్కడ మొదలుపెట్టొద్దు. ఆ ఇత్తడి మోతలో బేస్ నీకు వినపడదు.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తాను. 1957లో కచావో కొంతమంది వాయిద్యగాళ్లని పోగేసి దెస్కార్గాలు అని చిన్నచిన్న ముక్కలు రికార్డు చేశాడు. పాట రాసుకోలేదు. ఒక వరస ఎత్తుకోవడం, ఒక్కొక్కరూ అందుకోవడం. ఎప్పుడు చేశారో తెలుసా? క్లబ్బుల్లో రాత్రంతా పని ముగించుకుని, తెల్లవారుజామున వచ్చి చేశారు.

ఆ వేళ ఎలాంటిదో మేళంలో పనిచేసినవాడికి తెలుస్తుంది. ఊరేగింపు దిగి, పెళ్లివారి దగ్గర లెక్క తేలి, ఎవరి వాటా వాళ్లు పంచుకుని సఖినేటిపల్లి రేవులో పంటు కోసం కూర్చుంటాం. పెదవి మొద్దుబారిపోయి ఉంటుంది. ట్రంపెట్ మూతి మంచుకి చల్లగా తగులుతుంది. వాల్వులు తీసి నీళ్లు దులుపుకుంటుంటే, మా ఈఫోనియం ఆయన ఎవరూ అడక్కుండానే కిందిస్థాయిలో ఏదో ఒక వరస ఎత్తుకుంటాడు. సైడ్ డ్రమ్ము కుర్రాడు పుల్లలు లేకుండా వేళ్లతోనే అందుకుంటాడు. రాత్రంతా అరిచి వాయించిన మనుషులు అప్పుడు ఒకరినొకరు వింటూ వాయిస్తారు. ఎంత తక్కువ వాయిస్తారో చూడాలి. ఆ దెస్కార్గాల్లో నాకు వినపడేది అదే. ఎవరికీ తొందర లేదు. కాంగాలు, అంటే మన తుంబాలే, తాతా గూయినెస్, పుల్లలతో వాయించే టింబాలేలు గియెర్మో బర్రెతో. అంత పేరున్నవాళ్లు, అయినా ఒకళ్ల మీద ఒకళ్లు పడరు. ఒక్కో ముక్క మూడు నిమిషాలకి అటూ ఇటూ. కచావో ఒక్కోచోట విల్లుతో బేస్ చెక్క మీద కొడతాడు. అదీ తాళమే.

1960ల మొదట్లో ఆయన క్యూబా వదిలేశాడు. న్యూయార్క్‌లో పెద్ద బృందాలన్నిటితోనూ వాయించాడు. తర్వాత లాస్ వేగాస్, ఆ తర్వాత మయామీ. మయామీలో చాలా ఏళ్లు పెళ్లిళ్లకి, పిల్లల బాప్తిస్మాలకి వాయిస్తూ గడిపాడు. మాంబోకి మూలపురుషుడు, పక్క టేబుళ్ల మీద భోజనాలు చేస్తున్నవాళ్ల మధ్య నిలబడి వాయించాడు. 1993లో నటుడు ఆండీ గార్సియా ఆయన మీద ఒక డాక్యుమెంటరీ తీశాక లోకం మళ్లీ తిరిగి చూసింది. ఆ వెంటనే 1994లో వచ్చిన మాస్టర్ సెషన్స్ రికార్డుకి గ్రామీ కూడా వచ్చింది. 2008లో పోయాడు. ఆ పెళ్లిళ్ల సంవత్సరాల గురించి రాసేవాళ్లందరూ అదేదో చెడ్డకాలం అన్నట్టు రాస్తారు. నాకలా అనిపించదు. పెళ్లిలో వాయించడం పనే. ఆయన చేతిలో ఉన్నది అక్కడా అదే, ఇక్కడా అదే. ఎవరూ వినట్లేదని ఒక్క స్వరం తక్కువ చేసి ఉంటాడని నేను నమ్మను. 1994 రికార్డు వింటే అన్ని ఏళ్లూ చెయ్యి పదునుగానే ఉందని తెలుస్తుంది.

ఆయన తర్వాత అర్సెనియో రోద్రిగెస్‌ని విను. చిన్నప్పుడు జంతువు తన్నితే చూపు పోయింది. త్రెస్ అనే మూడు జంట తీగల వాయిద్యం వాయించేవాడు. అంతవరకు సోన్ బృందాల్లో ఒకే ట్రంపెట్ ఉండేది. ఆయన రెండు మూడు చేశాడు, పియానో పెట్టాడు, కాంగా పెట్టాడు. ఈరోజు నువ్వు సల్సా అని వింటున్న బృందం రూపం అక్కడ తయారైంది. నిదానంగా, బరువుగా నడుస్తుంది. ట్రంపెట్ వాయించేవాడిగా చెప్తున్నా, ఆ రికార్డుల్లో ట్రంపెట్లు పాటని మింగవు. పాడేవాడు ఊపిరి తీసుకున్న చోట మాత్రమే వస్తాయి. మా మేళంలో కొత్తగా చేరిన కుర్రాళ్లకి ఇదే వినిపిస్తాను.

మారియో బౌసా, మచీతో, ఇద్దరు టీటోలు, వీళ్ల గురించి అడిగితే తర్వాత రాస్తాను.

తణుకు వీణ టీచర్:

రాజోలు వారు చెప్పిన లెక్కని నోటితో పలికే పద్ధతి ఒకటి చెప్తాను, అబ్బాయికి పనికొస్తుంది. క్లావే దెబ్బల మధ్య దూరాలు చూస్తే 3, 3, 4, 2, 4. మొత్తం పదహారు. అంటే తకిట తకిట తకధిమి తక తకధిమి. ప్రతి ముక్కలోనూ మొదటి అక్షరం దగ్గర చప్పట్లు కొట్టు, క్లావే వచ్చేస్తుంది. చేత్తో ఆదితాళం వేస్తూ నోటితో ఇది పలుకు. ఒక్కో క్రియకి రెండు అక్షరాలు పడతాయి. రెండూ విడిపోకుండా నడిచేదాకా ప్యాడ్ ముట్టుకోవద్దు. బేస్ సమానికి ముందే ఎత్తుకోవడం మనకి కొత్తేమీ కాదు, అతీత గ్రహంలో కృతులు పాడేవాళ్లం కదా. అక్కడ ఒకసారి ఎత్తుగడలో వస్తుంది, ఇక్కడ పాట పొడుగునా ఉంటుంది, అంతే తేడా.

వాయిద్యాల గురించే మాట్లాడుతున్నారు, పాడేవాళ్లని వదిలేశారు. సెలియా క్రూస్‌ని వినకుండా ఈ సంగీతం తెలిసిందనుకోకు నాన్నా. 1950లో సోనోరా మతాన్సెరాలో చేరినప్పుడు, పాత గాయని కావాలని శ్రోతలు రేడియోకి ఉత్తరాలు రాశారు. ఆమె పాడుతూనే ఉంది. కొద్దికాలానికి ఆ బృందం పేరు చెబితే ఆమే గుర్తొచ్చే స్థితి వచ్చింది. 1960లో బృందంతో మెక్సికో వెళ్లింది. ఆ తర్వాత క్యూబా ప్రభుత్వం తిరిగి రానివ్వలేదు. తల్లి పోయినప్పుడు కూడా రానివ్వలేదు. 1974లో జానీ పచేకోతో చేసిన రికార్డులో కింబారా విను. రెండో సగంలో వంత పాడేవాళ్లు ఒకే మాట పట్టుకుని ఉంటారు, ఆమె ప్రతిసారీ కొత్తగా అల్లుతుంది. ఎక్కడ వదిలినా వంతవాళ్ల ఎత్తుగడకి సరిగ్గా చోటిస్తుంది. నా శిష్యులకి నెరవల్, అంటే ఒకే పాదాన్ని కొత్తగా అల్లుతూ పాడడం, చెప్పేటప్పుడు ఈ పాట వినిపించాను, బాగా పట్టుకున్నారు. మాటల అర్థం తెలియాల్సిన పనిలేదు.

కాకినాడ పోర్టు రోడ్డు:

రాజోలు గారూ, చాలా బాగా రాశారండి. ఆ దెస్కార్గాలు నిన్న రాత్రే పెట్టుకుని విన్నాను. ఒక్క మాట మాత్రం. బ్యూనా విస్టా విన్న ప్రతివాడికీ అందులో బేస్ వినపడుతుంది, చాలా స్పష్టంగా. కొత్తవాడికి అది కష్టమని మీరు ఎందుకు అనుకుంటున్నారు?

ఇంకో సంగతి, క్లావే చెక్కలు ఓడలు కట్టేటప్పుడు పలకలు బిగించే చెక్కమేకుల నుంచి వచ్చాయని క్యూబా పండితుడు ఫెర్నాందో ఓర్టిస్ రాశాడు. హవానా ఓడరేవులో పనివాళ్లు వాటిని కొట్టుకుని పాడుకునేవారట. మాకు దగ్గర్లోనే కోరంగి, తాళ్లరేవు ఉన్నాయి, చెక్క ఓడలు కట్టిన ఊళ్లు. అది చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది.

రాజోలు ట్రంపెట్:

కష్టమని అనలేదండి, తప్పకుండా వినమనే చెప్తాను. అసలు మీ దారీ నా దారీ ఒకే ఇంటికి వెళ్తాయి. బ్యూనా విస్టాలో బేస్ వాయించినాయన ఓర్లాందో లోపెస్, కచాయితో అంటారు. ఓరెస్తెస్ కొడుకు, కచావోకి అన్నగారబ్బాయి. రుబేన్ గొన్సాలెస్ 1940ల్లో అర్సెనియో బృందంలో పియానో వాయించాడు. నా బాధ ఒకటే. చాలామంది బ్యూనా విస్టా విని, అదేదో ముసలివాళ్ల మెత్తటి సంగీతం అనుకుని అక్కడే ఆగిపోతారు. వాళ్లు కుర్రాళ్లుగా ఉన్నప్పుడు అది డాన్సు హాలు సంగీతం. రాత్రి తెల్లవార్లూ జనం కాళ్లు ఆడకపోతే మర్నాడు పని ఉండేది కాదు. ఆ బలం ఎక్కడుందో వినాలంటే అర్సెనియో దగ్గరికి, అర్కాన్యో దగ్గరికి వెనక్కి వెళ్లాలి.

టీచరుగారూ, ఆ తకిట తకధిమి మా కుర్రాళ్లకి కూడా నేర్పుతాను. నమస్కారం.

మండపేట ప్యాడ్:

గురువుగారూ, టీచరుగారూ, మీ ఇద్దరికీ దణ్ణాలండి. ఏడు, ఎనిమిది, ఒకటి. దొరికింది. చాంచుయో పెట్టుకుని కూర్చుంటే ఎక్కడా జరగలేదు. ముందు నోటితో పలికి, తర్వాతే చెయ్యి పెట్టాను. బేస్ ఒకటిని వదిలేయడం ఇప్పుడు వినపడుతోంది. వినపడ్డాక సినిమా పాటల్లో బేస్ మరీ బరువుగా అనిపిస్తోంది.

ఇంకొక్కటి. ప్యాడ్‌లో క్లావే టోన్ ఉంది, దాంతో సాధన చెయ్యొచ్చా? న్యూయార్క్ వాళ్ల సంగతి కూడా రాస్తానన్నారు.

రాజోలు ట్రంపెట్:

టోన్‌తో వద్దు తమ్ముడూ. జానెడు పొడుగున రెండు గుండ్రటి గట్టి చెక్కలు చేయించుకో, తుమ్మ అయితే చాలు. ఒకదాన్ని ఎడంచేతి వేళ్ల గోళ్ల మీద, బొటనవేలి ఆసరాతో తేలిగ్గా ఆనించు. కింద అరచెయ్యి గుల్లగా ఉండాలి. గట్టిగా పట్టుకుంటే గొంతు నొక్కేసినట్టవుతుంది. రెండోదాంతో దాని మధ్యలో కొట్టు. చెయ్యి గుల్ల సరిగ్గా కుదిరితే ఆ చప్పుడు తుంబాలూ ట్రంపెట్లూ దాటి వినపడుతుంది.

న్యూయార్క్ సంగతి. మారియో బౌసా హవానాలో క్లారినెట్ వాయించినవాడు. పని కోసం కొద్దిరోజుల్లో ట్రంపెట్ పట్టాడు. మా నాన్నగారు క్లారినెట్, నేను ట్రంపెట్ కాబట్టి ఆయనంటే నాకు ప్రత్యేకంగా ఇష్టం. అమెరికాలో చిక్ వెబ్, క్యాబ్ క్యాలోవే జాజ్ బృందాల్లో వాయించి, బావగారు మచీతో 1940లో పెట్టిన బృందానికి సంగీత దర్శకుడయ్యాడు. జాజ్ ట్రంపెట్ల బరువుని క్లావే మీద నిలబెట్టింది ఆయనే. 1943లో కట్టిన తంగా విను. ఆ తర్వాత బ్రాడ్వే, 53వ వీధి దగ్గర పలేడియం అనే డాన్సు హాల్లో మచీతో, టీటో పుయెంటే, టీటో రోద్రిగెస్ బృందాలు వంతులవారీగా వాయించేవి. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, పోర్టోరికో వాళ్లు, అందరూ ఒకే నేల మీద ఆడేవారు. 1966లో మూతపడింది.

పుయెంటే టింబాలేలని బృందం వెనక నుంచి ముందుకి తెచ్చి నిలబడి వాయించాడు. నౌకాదళంలో పనిచేసి వచ్చాక జూలియార్డ్ సంగీత కళాశాలలో చదువుకున్నాడు. ఆయన డాన్స్ మానియా 1958లోది. దాన్ని విడిగా ఒక వారం పెట్టుకో. ప్రతి పాటలోనూ ముందు టింబాలే డొక్కు మీద పుల్ల నడక, అంటే కాస్కరా విను. పాట విప్పుకున్నాక బోంగో అతను బోంగో వదిలేసి గంట పట్టుకుంటాడు. అక్కడ పాట ఎలా పైకి లేస్తుందో చూడు.

ఎడ్డీ పాల్మియెరి గురించి రాయాలంటే వేరే రోజు కావాలి. 1961లో లా పెర్ఫెక్తా అనే బృందం పెట్టి, ట్రంపెట్లు తీసేసి రెండు ట్రాంబోన్లు పెట్టాడు. ట్రంపెట్ వాయించేవాడిని అయ్యుండి కూడా చెప్తున్నా, ఆ ట్రాంబోన్లు బ్యారీ రోజర్స్ చేతిలో వింటుంటే నా వాయిద్యం లేని లోటు తెలియదు. రేపు మాకు పాలకొల్లులో ఊరేగింపు ఉంది. అది అయ్యాక రాస్తాను. ఈలోపు చెక్కలు చేయించుకో.